పదకొండు వందల ఎక్స్‌రేల కాపలాదారు మల్లీశ్వరి గారు

1993 ఆగస్టు 2, సోమవారం ఉదయం పది గంటలకు, వికారాబాద్‌లోని మన శ్రామిక శ్వాస సేవా సంస్థ ప్రధాన కార్యాలయంలో శ్రీమతి మల్లీశ్వరి గారు తాత్కాలిక టైపిస్టుగా చేరారు. ఆ రోజు హాజరు పట్టీలో ఆమె మొదటి సంతకం పెడుతున్నప్పుడు ఆ పట్టీని పట్టుకొని నిలబడ్డది నేనే. ఉద్యోగంలో ఆమెకన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణి, వయసులో ఏడాది చిన్నవాణ్ణి. ఈ జూలై 31న ఆమె పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో వెలువడే ఈ సంచికకు అభినందన వ్యాసం రాయవలసిందిగా సంచిక సంఘం వారు నన్ను ఆదేశించారు. నాలుగు పేజీల ప్రశంస చాలన్నారు. ఆమె విషయంలో ప్రశంసకు కొదువ లేదు కానీ, ఆమెను ప్రశంసించే అర్హత ఈ వీరేశానికి ఏపాటి ఉన్నదో వ్యాసం చివరిదాకా చదివినవారే తేల్చాలి. వేస్తే మొత్తం వేయండి, లేకపోతే అసలే వేయకండి అని సంఘం వారికి ముందే చెప్పాను.

యాలాల్ మండలంలోని ఒక చిన్న ఊరిలో, గొర్రెల కాపరి కిష్టప్ప గారి పెద్ద కుమార్తెగా జన్మించిన మల్లీశ్వరి గారు, తాండూరులో ఇంటర్మీడియట్ చదివి, టైపు హయ్యర్ పరీక్షలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులై, ఆ ఇంటినుంచి ఆఫీసు ఉద్యోగానికి బయలుదేరిన మొట్టమొదటి వ్యక్తి అయ్యారు. పదకొండేళ్ళపాటు మన సంస్థనుంచి వెళ్ళిన ప్రతి ఉత్తరమూ ఆమె చేతిమీదుగానే వెళ్ళింది. ఒక్క అక్షరం తప్పు పడినా కాగితం చించి మళ్ళీ మొదటినుంచి కొట్టేవారు. కాగితాలు దండగ అని విసుక్కున్నవారిలో నేను ముందువరుసలో ఉండేవాణ్ణి. పక్కవాళ్ళ జాగ్రత్త నాకు ఎప్పుడూ చాదస్తంగానే కనిపించేది. ఆ గుణం నన్ను చాలా ఆలస్యంగా వదిలింది.

2004లో తాండూరు కేంద్రం ప్రారంభమైనప్పుడు ఆమెను డేటా ఆపరేటర్‌గా, ఆమెతోపాటు నన్నూ అక్కడికి బదిలీ చేశారు. బండల పాలిషింగ్ యంత్రాల దగ్గర పనిచేసేవారి ఛాతీని పరీక్షించి, ఎక్స్‌రే తీసి, ఏళ్ళ తరబడి ఆ చిత్రాలను భద్రపరచడమే ఆ కేంద్రం ఉద్దేశం. రాతి దుమ్ము జబ్బుకూ క్షయకూ దగ్గు ఒకటే, ఆయాసం ఒకటే. ఒక్క ఎక్స్‌రేతో రెండింటినీ వేరుచేయడం కష్టమని మన డాక్టరు గారు చెప్పేవారు. మొదటి చిత్రమూ, కొన్నేళ్ళ తర్వాతి చిత్రమూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నగరంలోని వైద్య మండలి దుమ్ము జబ్బు అని ధ్రువపత్రం ఇచ్చేది. ఆ పత్రం ఉన్న రోగికే ఇంట్లో పెట్టుకొనే ఆక్సిజన్ మిషన్ మంజూరయ్యేది. పత్రం లేనివాడికి మళ్ళీ క్షయ మాత్రలే గతి. కనుక మొదటి చిత్రం పోయిందంటే, ఆ మనిషికి గాలి అందే దారి మూసుకుపోయినట్టే. ఈ సంగతి మా అందరికీ తెలుసు, కానీ మనసుకు పట్టించుకున్నది ఆమె ఒక్కరే.

నగరంలో ఒక కంపెనీ వారు వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి మాకు దానంగా వచ్చింది. పదకొండు వందల మంది ఎక్స్‌రేలు దానిలోనే ఉండేవి. 2013నుంచి ప్రతి రోగి వివరాలనూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపాలన్న నిబంధన వచ్చిపడింది. అరవై రెండు గడుల ఫారం అది. యాభై గడులు నింపేసరికి బ్రౌజర్ తెల్లబడి, 'పేజీ స్పందించడం లేదు' అని ఒక మాట చెప్పి, తనంతట తానే మూసుకుపోయేది. ముప్పావుగంట శ్రమ గాలిలో కలిసిపోయేది. మొదటి నెలలో మేమంతా చేసిన పని, మళ్ళీ తెరవగానే 'పాత పేజీలు తెరవాలా' అని అది అడిగితే ఎగిరి గంతేసి అవునని నొక్కడం. దాంతో అప్పటికే చేరిన ఫారం రెండోసారి చేరి, ఒకే మనిషి ఇద్దరయ్యేవాడు. ఇద్దరిలో ఎవరు నిజమో తెలియక పైవాళ్ళు ఇద్దరినీ కొట్టేసేవారు.

దీనికి విరుగుడు కనిపెట్టింది మల్లీశ్వరి గారే. అరవై రెండు గడులకూ సరిపడా జవాబులు ముందు నోటుబుక్కులో పెన్నుతో రాసేవారు. మొదటి ఎక్స్‌రేలో డాక్టరు గారు చూసి చెప్పిన మాటలు కూడా అక్షరం పొల్లుపోకుండా అందులో ఎక్కేవి. పాత రోగులవి సైతం చిత్రం తెరిపించి, చూపించి, మళ్ళీ చెప్పించుకొని రాశారు. తర్వాత మామూలు టెక్స్ట్ ఫైలులో కొట్టి భద్రం చేసి, అక్కడినుంచి ఒక్కొక్కటే ఫారంలోకి అతికించేవారు. బ్రౌజర్‌లో ఒక్క పేజీ తప్ప రెండోది తెరవనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసేవారు. కరెంటు పోతే మా యూపీఎస్ నాలుగు నిమిషాలు ఊపిరి పోసేది. ఆ నాలుగు నిమిషాల్లో ఫారం పూర్తిచేద్దామని మేము ఆశపడితే, ఆమె మాత్రం ముందు అన్నీ మూసి యంత్రాన్ని సక్రమంగా ఆపేవారు. బ్రౌజర్ పడిపోయినా డిస్కు పడిపోకూడదు అన్నది ఆమె సిద్ధాంతం.

ఇక డిస్కు సంగతి. మందలో ఏ గొర్రె జబ్బుపడిందో దాని దగ్గు విని చెప్పే తండ్రికి పుట్టిన ఆమె, రోజూ ఉదయం కంప్యూటర్ పెట్టెకు చెవి ఆనించి వినేవారు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడొస్తే ఆ రోజు ఇంకే పనీ ముట్టుకోక ముందు కాపీ తీసేవారు. రెండు బయటి డిస్కుల్లో కాపీలుండేవి. ఒకటి ఆమె ఇంట్లో, రెండోది వికారాబాద్ కార్యాలయంలో. శనివారం శనివారం తాండూరులో రైలెక్కి స్వయంగా తీసుకెళ్ళి మార్చుకొచ్చేవారు. రెండూ ఒకే సంచిలో కానీ, ఒకే కప్పు కింద కానీ ఉండడానికి వీల్లేదు. నెలకోసారి కాపీలోని ఏదో ఒక చిత్రం తెరిచి చూసేవారు. ఎందుకమ్మా ఇదంతా అంటే, "తెరిసి చూస్తెనే గద సార్, ఉన్నదో పోయిందో తెలిసేది," అనేవారు.

ఆ రైలు ప్రయాణాల్లో ఒకదాన్ని ఇక్కడ చెప్పకపోతే ఈ సంచికకు వెలితి. డిస్కును మెత్తటి తువ్వాలులో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఒళ్ళో ఉంచుకోవడం ఆమె అలవాటు. ఆమె తినే జొన్నరొట్టె మాత్రం పేపరులో చుట్టుకొని వచ్చేది. ఒకనాడు కిక్కిరిసిన పెట్టెలో పక్కన కూర్చున్న ఆవిడకు అనుమానమొచ్చింది.

"గంత పెద్ద డబ్బ ఒళ్లె వెట్టుకొని కాయితంల తింటున్నవేందక్కా? డబ్బల ఏమున్నది?"

"పదకొండు వందల మంది ఊపిరితిత్తులున్నయమ్మా," అన్నారట మల్లీశ్వరి గారు, రొట్టె నములుతూ.

వికారాబాద్ వచ్చేదాకా ఆ సీటు మొత్తం ఆమెకే మిగిలింది. ఇది ఆమె నోటితో చెప్పగా విని కేంద్రమంతా కడుపుబ్బ నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

బీరయ్య గారిని గురించి ఇప్పుడు చెప్పాలి. ఆయనదీ యాలాల్ మండలమే. ఉన్న మందను అమ్ముకొని బండల పాలిషింగ్‌కు వచ్చి, పద్నాలుగేళ్ళు యంత్రం ముందు నిలబడ్డారు. 2011లో మన కేంద్రంలో మొదటి ఎక్స్‌రే తీశాం. 2017 వేసవిలో తీసిన రెండో ఎక్స్‌రే నాటికి నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకొనే స్థితి. అప్పటికే మూడుసార్లు క్షయ మందులు మింగి ఉన్నారు. ఆయనతోపాటు మరో నలభై ముగ్గురి చిత్రాలు, మొదటివీ రెండోవీ జతలుగా, దసరా సెలవులు కాగానే వైద్య మండలికి పంపడానికి సిద్ధమయ్యాయి. ఆయన భార్య శంకరమ్మ గారు ఆయన పనిచేసిన పాలిషింగ్ యూనిట్‌లోనే దుమ్ము ఊడ్చేవారు. మిషన్ ఎప్పుడొస్తుందని వారానికోసారి వచ్చి అడిగి వెళ్ళేవారు.

దసరా సెలవులకు ముందురోజు కేంద్రంలో ఆయుధపూజ. అప్పుడు కేంద్రం బాధ్యుణ్ణి నేనే. ఏటా స్టాంపులకూ, తాళాలకూ, ఎక్స్‌రే యంత్రానికీ పసుపు కుంకుమలు పెట్టేవాళ్ళం. ఆ ఏడు నా బుర్రలో ఒక ముచ్చట పుట్టింది. కేంద్రానికి అసలు ఆయుధాలు ఆ డిస్కులే కదా, రెండింటినీ కంప్యూటర్ మీద పెట్టి, తగిలించి, నీలం లైట్లు వెలుగుతుండగా పూజిస్తే కన్నుల పండుగగా ఉంటుందనిపించింది. ఒకటి వికారాబాద్‌నుంచి నేనే తెప్పించాను. ఇంట్లోది తెమ్మని ఆమెకు చెప్పాను.

"సార్, రెండు ఒక్కతాన పెట్టొద్దు. ఒక్కటన్న ఇంట్ల ఉండనియ్యుండ్రి," అన్నారు.

"సాలుకు ఒక్కపారి అమ్మోరి ముందర పెట్టనీకి గూడ గింత పరేషానా? అమ్మోరి మీద నమ్మకం లేదా మీకు?" అన్నాను, అందరి ముందూ.

"అమ్మోరి మీద ఉన్నది సార్. మన మీదనే లేదు."

అందరూ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. ఇది ఆఫీసు ఆర్డరు అన్నాను. ఆమె ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చారు.

కొబ్బరికాయ కొట్టింది నేనే. ఆ నీళ్ళు అలవాటు ప్రకారం అన్ని ఆయుధాల మీదా చిలకరించిందీ నేనే. కంప్యూటర్ పెట్టె పైభాగాన గాలి కోసం రంధ్రాలుంటాయన్న స్పృహ నాకు లేదు. చిటపటమని చప్పుడు, ఆ వెంటనే పొగ. అటెండర్ సంతోష్ "సార్, కాలుతున్నది!" అని అరిచి, భయంతో వైరు పట్టి గుంజాడు. కింద ఉన్న పూజపీట పక్కకు ఒరిగి కంప్యూటరూ, తిరుగుతున్న రెండు డిస్కులూ కలిసి నాపరాయి నేల మీద పడ్డాయి. ఆ పిల్లవాణ్ణి నేను తప్పుపట్టను. మల్లీశ్వరి గారు పూలు తొలగించి ఒక్కొక్క డిస్కూ ఎత్తి, చెవి దగ్గర పెట్టుకొని చాలాసేపు విన్నారు. తర్వాత నేల మీదే కూర్చుండిపోయారు.

నగరంలో చెడిన డిస్కులు విప్పేవారి దగ్గరికి రెండింటినీ ఆమే తీసుకెళ్ళారు. కంప్యూటర్ లోపలిది పూర్తిగా కాలిపోయింది. బయటి డిస్కుల్లో ఒకదానినుంచి రెండు వందల పన్నెండు చిత్రాలు బయటపడ్డాయి, చాలావరకు సగం సగం. పైభాగం ఉంటే కింద నలుపు, కింద ఉంటే పైన నలుపు. బీరయ్య గారి 2011 చిత్రం వాటిలో లేదు.

ప్రధాన కార్యాలయం విచారణ వేసింది. పూజ మాట ఎత్తితే నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నా నివేదికలో ఇలా రాశాను: 'డిస్కులు కాలం చెల్లినవి, అందులోని చిత్రాలు రెండేళ్ళ ముందునుంచే తెరుచుకోవడం లేదు, డేటా ఆపరేటర్ గారు సరిగా భద్రపరచలేదు.' సంతోష్‌తో, మిగిలినవారితో అదే చెప్పించాను. మల్లీశ్వరి గారి సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యమని ఎర్ర సిరాతో వ్యాఖ్య పడింది. రావలసిన పదోన్నతి ఆగిపోయింది. మరుసటి ఏడు నేను పరిపాలనాధికారినై వికారాబాద్‌కు వచ్చాను.

ఆమె మాత్రం వెతకడం ఆపలేదు. ఎక్స్‌రే తీసినప్పుడు ఫిల్మును రోగులకే ఇచ్చేవాళ్ళం. వాటి కోసం ఆదివారాలూ సెలవులూ దౌల్తాబాద్, దోమ, యాలాల్ మండలాల ఊళ్ళన్నీ బస్సుల్లో తిరిగారు. కొన్ని ఫిల్ములు గ్రహణం చూడడానికి పిల్లల చేతుల్లో ముక్కలయ్యాయి. ఒకటి కిటికీ రంధ్రానికి అడ్డం ఉంది. శంకరమ్మ గారు ప్లాస్టిక్ కవరులో పెట్టి తమది తెచ్చారు.

"వానకు నాని రెండు మడతలు అంటుకపోయినయ్ మేడం. పీకితే గిట్లైంది. ఏమన్న కనవడ్తదా, జర చూడు," అన్నారు.

ఏమీ కనబడలేదు. అప్పుడామె తన నోటుబుక్కులు ముందుకు తెచ్చారు. 2011 చిత్రంలో డాక్టరు గారు చూసిన మచ్చలు, ఎక్కడెక్కడ, ఎంతెంత, అన్నీ అందులో ఉన్నాయి. ఆ డాక్టరు గారు అప్పటికే కాలం చేశారు. ఆ రాత అసలు చిత్రాన్ని చూసి రాసినదేనని కేంద్రం బాధ్యుడిగా పనిచేసిన అధికారి ధ్రువీకరిస్తే నోటుబుక్కునే పరిగణిస్తామని మండలి వారు ఉత్తరం రాశారు. ఆ అధికారిని నేనే. ధ్రువీకరిస్తే నా నివేదిక అబద్ధమని తేలుతుంది. 'చిత్రాలు తెరుచుకొనేవన్న ఆధారం మా వద్ద లేదు' అని రెండు లైన్ల జవాబు పంపి చేతులు దులుపుకున్నాను.

2019 ఫిబ్రవరిలో బీరయ్య గారు పోయారు. చివరి పది రోజులూ పడుకుంటే ఊపిరాడక, కూర్చున్నచోటే మోకాళ్ళ మీద తల పెట్టుకొని గడిపారట. కాగితం మీద జబ్బు పేరు క్షయ అని ఉంది. పదకొండో రోజు ముగిశాక శంకరమ్మ గారు కేంద్రానికి వచ్చి, "మిషన్ ఇగ వద్దు మేడం, ఇంకెవరికన్న ఇయ్యుండ్రి," అని చెప్పి వెళ్ళారు. ఆ మిషన్ అసలు మంజూరే కాలేదని ఆమెకు అర్థం కాలేదు. మంజూరై ఎక్కడో ఆగిందనుకున్నారు.

ఆ తర్వాత మల్లీశ్వరి గారు ఏటా ఒక అర్జీ పంపారు. తన సర్వీసు పుస్తకం గురించి ఒక్క ముక్క లేదు అందులో. మిగిలిన నలభై ముగ్గురి నోటుబుక్కు వివరాలను ధ్రువీకరించమని మాత్రమే కోరేవారు. ఆరు అర్జీలు నా బల్ల మీదికి వచ్చాయి. ఆరింటి మీదా 'చర్య అవసరం లేదు' అని నేను రాశాను. అడుగున ఉండే పేర్ల జాబితా ఏటేటా చిన్నదవుతూ వచ్చింది. ఈ ఏడు అందులో పంతొమ్మిది పేర్లున్నాయి.

ఈ మే నెలలో పదవీ విరమణ కాగితాల కోసం ఆమె వికారాబాద్ వచ్చారు. సంతకాలన్నీ అయ్యాక ఏడో అర్జీ నా ముందు పెట్టారు.

"ఇంకా రెండు నెలలు ఉంట సార్. నేను పోయినంక గీ కాయితం ఎవరు తేరు. మీరు రాస్తెనే అయితది."

"మీ పుస్తకంల వ్యాఖ్య తీసేయమని ఎందుకు అడగరమ్మా?" అన్నాను.

"దానికేముంది సార్, సిరానే గద. గీ పందొమ్మిది మంది ఊపిరి వీలుస్తున్నరు ఇంకా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను తప్పించుకొనేవాణ్ణి. కోపగించినవారితో వాదించడం నాకు బాగా వచ్చు. ఆ సాయంత్రం ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం రాశాను. ఆ డిస్కులు పూజనాటి ఉదయం వరకు పనిచేశాయనీ, బీరయ్య గారి చిత్రాన్ని అందులో తెరిచి చూసినవారిలో నేనూ ఉన్నాననీ, నోటుబుక్కుల్లోని రాత అసలు చిత్రాలను చూసి రాసినదేననీ, వద్దని మొత్తుకున్న ఆమె మాట కాదని వాటిని ఒకచోట చేర్చి పాడుచేసినవాణ్ణి నేనేననీ అందులో ఉంది. ఒక ప్రతి వైద్య మండలికి, మరొకటి సంస్థ కార్యవర్గానికి పంపాను. సంతోష్ కూడా తన వాంగ్మూలం ఇచ్చాడు. నా మీద విచారణ మొదలైంది, అది న్యాయమే. పంతొమ్మిది మందిలో ఏడుగురిని మండలి పిలిచింది. పన్నెండుగురి విషయం ఇంకా తేలలేదు. బీరయ్య గారి కాగితం మీద మాట మారుస్తారో లేదో తెలియదు. ఆమె సర్వీసు పుస్తకంలోని ఎర్ర సిరా వ్యాఖ్యను కార్యవర్గం జూలై 4న రద్దుచేసింది. ఆమె పదోన్నతిని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వీడ్కోలు సభకు నేను అధ్యక్షత వహించడం లేదు. వెనక వరుసలో కూర్చుంటాను, అది కూడా ఆమె అనుమతిస్తేనే. వేదిక మీద ఆమె పక్కన ఆమె కుమార్తె దేవిక కూర్చోవాలి. తల్లి మీద పడిన మచ్చ ఎవరు వేసినదో ఆ అమ్మాయికి తెలియడానికే ఇంత వివరంగా రాశాను.

గత సోమవారం తాండూరు కేంద్రంలో మల్లీశ్వరి గారు తమ సర్వీసులో చివరి రోగి వివరాలు నమోదుచేశారు. రోగి పేరు శంకరమ్మ. భర్త పేరు బీరయ్య, కీర్తిశేషులు. పన్నెండేళ్ళు అదే యూనిట్‌లో దుమ్ము ఊడ్చారు, ఆర్నెల్లుగా దగ్గు. అది ఆమె మొదటి ఎక్స్‌రే. దాన్ని చూసి ఇప్పటి డాక్టరు గారు ఏమీ తేల్చలేదు, మూడేళ్ళ తర్వాత ఇంకొకటి తీసి పోల్చాలన్నారు.

మల్లీశ్వరి గారూ, పదవీ విరమణ చేసేవారికి నిండు నూరేళ్ళ ఆయుష్షునూ, ఆరోగ్యాన్నీ, మనవలతో ముచ్చట్లనూ కోరుకోవడం వాడుక. అవన్నీ మీకు సమకూరాలని మనసారా కోరుకుంటున్నాను. అంతకుమించి ఇంకొకటి కూడా కోరుకుంటున్నాను. మూడేళ్ళ తర్వాత శంకరమ్మ గారి రెండో ఎక్స్‌రే తీసేనాటికి, మొదటిది ఉంది, నా కళ్ళతో చూశాను అని చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ రోజుకు మీరు కంటిచూపు చెదరకుండా, మాట తడబడకుండా, నిక్షేపంగా ఉండాలి. చూసి కూడా చూడలేదని చెప్పినవాణ్ణి నమ్ముకొని ఆమె భర్త వెళ్ళిపోయారు.